ట్రాన్స్‌ఫార్మర్‌లో ఏ నూనె పోయాలి? మినరల్, ఎస్టర్, నానో: ఎవరికి ఏది నప్పుతుంది

ఏప్రిల్ సగం దాటేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. మొన్న ఒక రైస్ మిల్లు యజమాని అడిగారు: "మా ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు మీద చెయ్యి ఆనించలేకపోతున్నాం. నానో ఆయిల్ అని ఏదో వచ్చిందటగా, అది పోయిస్తే చల్లబడుతుందా అండీ?" అదే వారంలో ఒక ఎంటెక్ విద్యార్థి: "సార్, ప్రాజెక్టుకి టైటానియం డయాక్సైడ్ తీసుకోనా, ఐరన్ ఆక్సైడ్ తీసుకోనా?" ఆ మర్నాడు ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి: "సెల్లార్ గోడ పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఆ నూనె అంటుకుంటే మా పరిస్థితి ఏంటండీ?"

ముగ్గురూ అడిగింది నూనె గురించే. కానీ ఒకరికి కావలసింది చల్లదనం, ఒకరికి ఇన్సులేషన్, ఇంకొకరికి నిప్పు భయం లేకపోవడం. మూడూ ఒకే డ్రమ్ములో దొరుకుతాయని ఎవరు చెప్పినా నేను నమ్మను. ముఖ్యంగా నానో నూనె, అంటే అతి సూక్ష్మమైన ఘన రేణువులు కలిపిన నూనె విషయంలో చల్లదనాన్నీ ఇన్సులేషన్‌నీ కలిపేసి మాట్లాడటం వల్లే జనం పొరబడుతున్నారు. అందుకే ముందు ఆ రెండింటినీ విడదీసి చూద్దాం, ఎంపిక సంగతి తర్వాత.

ఒకే నూనె, రెండు కొలువులు

వైండింగ్‌లో (రాగి చుట్టల్లో), కోర్‌లో (వాటి మధ్య ఇనుప దిమ్మలో) పుట్టిన వేడిని రేడియేటర్ రెక్కల దాకా మోసుకెళ్లడం నూనె మొదటి పని. వేల వోల్టుల తేడా ఉన్న రెండు రాగి చుట్టల మధ్య అడ్డుగా నిలబడటం రెండోది. ఈ రెండు పనులకూ పొసగదు. వేడిని బాగా తీసుకుపోయే పదార్థాలు సాధారణంగా కరెంటునూ తీసుకుపోతాయి. పెట్రోలియం నుంచి తీసే మామూలు మినరల్ ఆయిల్ ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 0.12 వాట్లు. నీటిది 0.6, రాగిది దాదాపు 400. అంటే వేడిని మొయ్యడంలో మన నూనె చాలా వెనకబడిన కూలీ. అది నెగ్గుకొస్తున్నది పలచగా ఉండి కదలగలగడం వల్లే. వేడెక్కిన నూనె పైకి లేస్తుంది, రేడియేటర్‌లో చల్లారి కిందికి దిగుతుంది, మళ్లీ వైండింగ్‌లోకి దూరుతుంది. పంపు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు.

ఈ తిరుగుడు మందగిస్తే దెబ్బ తగిలేది వైండింగ్ మీద చుట్టిన కాగితానికి. మామూలు క్రాఫ్ట్ కాగితానికి హాట్‌స్పాట్, అంటే వైండింగ్‌లో అన్నిటికంటే వేడెక్కే చోటు, 98 డిగ్రీల దగ్గర ఉంటే లెక్క ప్రకారం అరుగుదల నడుస్తుంది. అక్కడినుంచి ప్రతి 6 డిగ్రీలకూ అరిగే వేగం రెట్టింపు. నూనెను వడకట్టవచ్చు, మార్చవచ్చు. లోపల మాడి పొడిపొడి అయిన కాగితాన్ని మాత్రం రీవైండింగ్‌కి పంపకుండా మార్చలేరు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మిట్టమధ్యాహ్నం 45 డిగ్రీల గాలి తగిలే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆ 6 డిగ్రీలు ఎంత విలువైనవో చెప్పక్కర్లేదు.

నానో లెక్క: ఇన్సులేషన్‌కి గ్రాములు, చల్లదనానికి కిలోలు

ద్రవంలో మీటరులో వంద కోట్లో వంతుల్లో కొలిచే ఘన రేణువులను కలిపితే వేడి బాగా సాగుతుందన్న ఆలోచనకు 'నానోఫ్లూయిడ్' అని పేరు పెట్టింది అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లాబొరేటరీలో పనిచేసిన స్టీఫెన్ చోయ్, 1995లో. మూడేళ్లకు, 1998లో, సెగల్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో మాగ్నటైట్ అనే అయస్కాంత ఐరన్ ఆక్సైడ్ రేణువులు కలిపి పిడుగుపాటు లాంటి ఇంపల్స్ వోల్టేజీ ఇచ్చి చూశారు. సూది, గోళం ఎలక్ట్రోడ్ల మధ్య పాజిటివ్ ఇంపల్స్‌కి మామూలు నూనె 86 కేవీ (కిలోవోల్టుల) దగ్గర తెగితే, అంటే కరెంటును ఆపలేక దారి ఇచ్చేస్తే, రేణువులున్న నూనె 157 కేవీ దాకా నిలబడింది. 80 శాతానికి పైగా పెరుగుదల! ప్రచారంలో కనిపించే అంకె ఇదే. దాని పక్కనే ఉన్న రెండో అంకెను ఎవరూ చెప్పరు. నెగటివ్ ఇంపల్స్‌కి మామూలు నూనె 170 కేవీ తట్టుకుంటే నానో నూనె 154 దగ్గరే తెగింది. మామూలు నూనెకి కష్టమైన దిక్కున బలం బాగా పెరిగింది, సులువైన దిక్కున కొంత తగ్గింది. రెండు దిక్కులూ దాదాపు సమానం కావడం డిజైనర్‌కి లాభమే, ఎందుకంటే బలహీనమైన దిక్కును బట్టే ఇన్సులేషన్ దూరాలు పెట్టాలి.

ఎలక్ట్రాన్లే పుట్టించే తెగింపుకి రేణువులు ఎలా అడ్డుపడతాయో 2010లో ఎంఐటీ పరిశోధకులు ఒక వివరణ ఇచ్చారు. నూనెలో తెగింపు ముందు ఒక స్ట్రీమర్ (సన్నని విద్యుత్ చార) పుడుతుంది, చెట్టు వేరులా పాక్కుంటూ పోతుంది. దాన్ని ముందుకు తోసేది మహా వేగంగా పరుగెత్తే ఎలక్ట్రాన్లు. వాహకత ఉన్న నానో రేణువు ఆ ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటుంది. ఎలక్ట్రాన్ మోసిన రేణువు బరువైనది, నిదానంగా కదులుతుంది. పరుగు పందెంలో ఉన్నవాడి భుజాన బస్తా పెట్టినట్టు స్ట్రీమర్ వేగం పడిపోతుంది. దీనికి కావలసిన మోతాదు చాలా కొద్ది. లీటరుకు గ్రాములో ఐదో వంతు అనుకోండి, వెయ్యి లీటర్ల ట్యాంకుకి 200 గ్రాములు.

ఇప్పుడు చల్లదనం లెక్క చేద్దాం. గుండ్రని రేణువులు బాగా విడివిడిగా కలిస్తే, ఘనపరిమాణంలో 1 శాతం రేణువులకు ఉష్ణవాహకత మహా అయితే 3 శాతం పెరుగుతుందని పందొమ్మిదో శతాబ్దపు మాక్స్‌వెల్ సూత్రమే చెబుతుంది. తొలినాళ్లలో ఇంతకంటే ఎన్నో రెట్లు పెరుగుతోందని చాలా పరిశోధనా పత్రాలు వచ్చాయి. ఆ తేడా తేల్చడానికి 30కి పైగా సంస్థలు ఒకే నమూనాలను పంచుకుని, తమ తమ పరికరాలతో కొలిచి, 2009లో ఫలితం ప్రచురించాయి. అద్భుతమేమీ లేదు, పాత సూత్రం చెప్పినట్టే ఉందని తేలింది. నాకు ఈ రంగంలో అన్నిటికంటే నచ్చిన పని అదే. ఒకరి మాట ఒకరు నమ్మకుండా, ఒకే సీసాలోని ద్రవాన్ని అందరూ కొలిచారు.

మన వెయ్యి లీటర్ల ట్యాంకులో 200 గ్రాముల మాగ్నటైట్ అంటే ఘనపరిమాణంలో 40 మిల్లీలీటర్లు కూడా కాదు. దానివల్ల ఉష్ణవాహకతలో వచ్చే మార్పు శాతంలో వందో వంతు. పోనీ ఆ 3 శాతం కోసం 1 శాతం టైటానియం డయాక్సైడ్ కలుపుతాం అంటారా? 10 లీటర్ల పొడి, బరువు దాదాపు 40 కిలోలు. ఒక బస్తా పొడి పోస్తే 0.12 కాస్తా 0.124 అవుతుంది. ఇంత పొడి కలిస్తే నూనె చిక్కబడుతుంది, తిరుగుడు మందగిస్తుంది, సంపాదించింది అక్కడే పోతుంది. పైగా అంత మోతాదులో ఇన్సులేషన్ బలం కూడా సాధారణంగా పడిపోతుంది. రేణువులు దగ్గరదగ్గరగా చేరి తామే దారి కడతాయి.

దీనికి ఎదురుగా నిలిచే మంచి ఫలితమూ ఒకటుంది. 2012లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో పులిక్కల్ అజయన్ బృందం హెక్సాగోనల్ బోరాన్ నైట్రైడ్ పలుచని రేకులను బరువులో 0.1 శాతం మాత్రమే కలిపి, ఉష్ణవాహకత దాదాపు 80 శాతం పెరిగిందని చెప్పింది. రేకు ఆకారం గుండ్రని రేణువు కంటే వేడికి మంచి దారి వేస్తుంది, పైగా బోరాన్ నైట్రైడ్ కరెంటును మోయదు. చల్లదనం కోసం నానో వైపు చూసేవాళ్లు టైటానియాను (టైటానియం డయాక్సైడ్‌ను) వదిలి దీన్ని చూడాలని నా అభిప్రాయం. అయినా ఒక ల్యాబ్ అంకె చూసుకుని నేను ట్యాంకు నింపను.

అయస్కాంత రేణువులతో ఇంకో దారి ఉంది. మాగ్నటైట్ వేడెక్కేకొద్దీ దాని అయస్కాంతత్వం తగ్గుతుంది. వైండింగ్ చుట్టూ ఉండే లీకేజీ ఫ్లక్స్ (కోర్ బయటకు తప్పించుకున్న అయస్కాంత క్షేత్రం) చల్లని నూనెను ఎక్కువగా లాక్కుంటుంది, వేడి నూనె పక్కకు తప్పుకుంటుంది. అంటే తిరుగుడుకు ఒక అదనపు తోపు దొరుకుతుంది. ఇక్కడ ఉష్ణవాహకత పెరగాల్సిన పనే లేదు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో ప్రయోగాలు జరిగాయి. సూత్రం అందమైనది.

బీకరులో బాగున్నది ట్యాంకులో ఉంటుందా

టైటానియం డయాక్సైడ్ నానో నూనె తయారుచేసే పద్ధతి ఇది: పొడిని తూచి, గుంపు కట్టకుండా ఓలిక్ ఆమ్లం పట్టించి, నూనెలో వేసి మాగ్నెటిక్ స్టిర్రర్ మీద తిప్పి, ఆపైన అల్ట్రాసోనిక్ ప్రోబ్ ముంచి గంటల తరబడి అదరగొడతారు. దించినప్పుడు పాలలా ఒకే తీరుగా ఉంటుంది. బీకరును కిటికీ పక్కన పెట్టి వారం తర్వాత చూడండి. సరిగా చేయనిదైతే, సున్నపు తొట్టిలో నీళ్లు తేరినట్టు, పైన నూనె తేటగా, అడుగున తెల్లటి పొర. బీకరును వంచితే ఆ పొర కదలదు.

ఆ అడుగు పొర ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎక్కడ పేరుకుంటుందో ఊహించండి. నూనె నిదానంగా కదిలే చోట, వైండింగ్ స్పేసర్ల మీద, కాగితం మీద, రేడియేటర్ అడుగు గొట్టంలో. బీకరు వారం నిలిస్తే చాలు. ట్రాన్స్‌ఫార్మర్ పాతిక, ముప్పై ఏళ్లు నిలవాలి, అదీ రోజూ వేడెక్కుతూ చల్లారుతూ, విద్యుత్ క్షేత్రం రేణువులను లాగుతూ ఉండగా.

ఇక నిర్వహణ. మనం నూనె శుద్ధి చేసేటప్పుడు ఫిల్టర్ మెషిన్ ఎక్కిస్తాం. దాని పనే రేణువులను పట్టేయడం. ముదిరిన నూనెను ఫుల్లర్స్ ఎర్త్ మట్టి గుండా పంపి బాగుచేస్తాం. డబ్బు పెట్టి కలిపిన నానో రేణువులు, వాటికి పట్టించిన ఓలిక్ ఆమ్లం ఆ మట్టిలో చిక్కుకోకుండా ఎలా ఉంటాయి? కరిగిన వాయువుల పరీక్ష, అదే డీజీఏ, ఎసిటిలిన్ ఇంత ఉంటే ఆర్కింగ్, ఎథిలిన్ ఇంత ఉంటే వేడి అని చెప్పే పట్టికలు దశాబ్దాల మినరల్ ఆయిల్ అనుభవం మీద కట్టినవి. రేణువులున్న నూనెకు అవే హద్దులు వర్తిస్తాయని అనుకోవడానికి ఆధారం లేదు. మాగ్నటైట్ లాంటి వాటితో టాన్ డెల్టా, అంటే ఇన్సులేషన్‌లో వృథా అయ్యే విద్యుత్తు కొలత, కూడా పెరుగుతుంది. మామూలు నూనెలో టాన్ డెల్టా పెరిగితే నూనె చెడిందని అర్థం, నానో నూనెలో పుట్టుకతోనే ఎక్కువ. మరి చెడినప్పుడు తెలిసేదెలా?

కొత్త ద్రవాల మీద నాకీ జాగ్రత్త ఊరికే రాలేదు. నిప్పంటుకోని అద్భుత ద్రవమని 1930ల నుంచి పీసీబీలను (పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ అనే క్లోరిన్ రసాయనాలను) ట్రాన్స్‌ఫార్మర్లలో పోశారు. అవి శరీరంలో, నేలలో దశాబ్దాలు నిలిచిపోయే విషమని తేలాక అమెరికా 1979లో నిషేధించింది. 2001 స్టాక్‌హోమ్ ఒప్పందం ప్రపంచమంతా వాటిని వదిలించుకోవాలంది. మన దేశం 2016 ఉత్తర్వులో 2025 డిసెంబర్ 31 గడువు పెట్టింది. పోయడానికి ఒక్క పూట, తీయడానికి యాభై ఏళ్లు.

ఇవాళ కొనగలిగినవి

మినరల్ ఆయిల్. ప్రమాణం మన దగ్గర ఐఎస్ 335, బయట అంతర్జాతీయంగా ఐఈసీ 60296. 40 డిగ్రీల దగ్గర చిక్కదనం 12 సెంటీస్టోక్స్ మించకూడదు. చవక, పలచన, ప్రతి జిల్లాలో పరీక్ష చేసేవాళ్లుంటారు. బలహీనతలు రెండు: ఫైర్ పాయింట్ (నూనె అంటుకుని మండుతూనే ఉండే వేడి) 170 డిగ్రీల ప్రాంతంలోనే ఉంటుంది, తేమను భరించలేదు. గది వేడిలో పది లక్షల్లో 55 భాగాల ప్రాంతానికే నీటితో నిండిపోతుంది. బీడీవీ, అంటే నూనె తెగిపోయే వోల్టేజీ, అంతకు చాలా ముందే కూలుతుంది.

సహజ ఎస్టర్, అంటే సోయా, పొద్దుతిరుగుడు లాంటి వంటనూనెల నుంచి చేసినది. ప్రమాణం ఐఈసీ 62770. ఫైర్ పాయింట్ 300 డిగ్రీలు దాటుతుంది, నేలమీద కారినా సూక్ష్మజీవులు తినేస్తాయి. అన్నిటికంటే నాకు నచ్చేది, కాగితంలోని తేమను ఇది తనలోకి లాక్కుంటుంది. మినరల్ ఆయిల్ కంటే ఎన్నో రెట్లు నీటిని దాచుకుని కూడా బలంగా ఉంటుంది. అందుకే కాగితం నెమ్మదిగా ముసలిదవుతుంది. అయితే చిక్కనిది. మినరల్ ఆయిల్‌కి మూడు రెట్ల దాకా. అదే ట్యాంకులో పోస్తే కొన్ని డిగ్రీలు ఎక్కువే వేడెక్కుతుంది. చల్లబరచడానికి ఎస్టర్ పోయించుకుంటామనే వాళ్లకు నేను వద్దంటాను. ఇంకోటి, గాలి తగలనివ్వకూడదు. ఇంట్లో నూనె డబ్బా మూత చుట్టూ కారిన నూనె కొన్నాళ్లకు జిగటగా, పసుపు పొరలా పట్టేస్తుందే, అదే పని ఇది పలుచటి పొరగా ఉన్నచోట చేస్తుంది. కాబట్టి సీల్డ్ ట్యాంకు గానీ, కన్జర్వేటర్‌లో (ట్యాంకు పైనుండే నూనె పీపాలో) రబ్బరు బ్యాగు గానీ ఉండాలి. మామూలు బ్రీదర్ (బయటి గాలి పీల్చే గొట్టం) ఉన్న పాత యూనిట్‌కి పనికిరాదు. పెద్ద వోల్టేజీలకు చాలదన్న అనుమానం మాత్రం అక్కర్లేదు, జర్మనీలో కార్ల్‌స్రూహె దగ్గర 420 కేవీ ట్రాన్స్‌ఫార్మర్‌నే వెజిటబుల్ ఆయిల్‌తో నింపారు. మన కానుగ నూనె మీదా పరిశోధనలు సాగుతున్నాయి. ఆ చెట్టు నీడన పెరిగిన వాడిగా అవి ఫలించాలని నాకు ఆశ.

సింథటిక్ ఎస్టర్, అంటే ఫ్యాక్టరీలో తయారుచేసినది, ఐఈసీ 61099. ఫైర్ పాయింట్ 300 పైనే, గాలి తగిలినా తట్టుకుంటుంది, తేమకు అస్సలు బెదరదు. ధర మాత్రం సహజ ఎస్టర్ కంటే బాగా ఎక్కువ.

సిలికోన్ నూనె కూడా ఉంది, కానీ మినరల్ ఆయిల్‌తో కలవదు, పొరపాటున అదే ఫిల్టర్ మెషిన్‌లో నడిపితే తర్వాతి ట్రాన్స్‌ఫార్మర్‌కి తలనొప్పి. కొత్తగా ఎవరికీ చెప్పను.

నానో నూనెకు కొనుగోలు పత్రంలో రాయడానికి ఇలాంటి ఐఈసీ నంబరే లేదు. ఏ పరీక్షలో నెగ్గాలో రాయలేనిదాన్ని టెండర్ పిలవలేం, నాణ్యత లేదని తిప్పి పంపనూ లేం.

ఎవరికి ఏది

రైస్ మిల్లు యజమానికి నేను ఏ నూనే చెప్పలేదు. వెళ్లి చూశాను. 1000 కేవీఏ యూనిట్, రెండు వైపులా రేడియేటర్లు. ఒక వైపు రెక్కలు పైన కాలుతున్నాయి, కింద గోరువెచ్చగా ఉన్నాయి, అది సరైన లక్షణం. రెండో వైపు పైనుంచి కింది దాకా చల్లగా ఉన్నాయి! ఎప్పుడో గాస్కెట్ మార్చినప్పుడు మూసిన వాల్వు తెరవడం మరిచిపోయారు. సగం రేడియేటర్‌తో నెట్టుకొస్తోంది పాపం. పనిచేస్తున్న వైపు రెక్కల మధ్యేమో తవుడు దుమ్ము నూనెతో కలిసి పిండిలా పట్టింది. బ్రీదర్‌లో నీలంగా ఉండాల్సిన సిలికా జెల్ మొత్తం గులాబీ రంగుకి తిరిగింది.

నూనె తీసి బీడీవీ కిట్‌లో పోశాం. 2.5 మిల్లీమీటర్ల గ్యాప్, గేజ్ పెట్టి చూసుకున్నాం. బుడగలు పోయేదాకా ఐదు నిమిషాలు ఆగి, సెకనుకు 2 కేవీ చొప్పున పెంచాం. మొదటి షాట్ ఇరవై కేవీ దాటగానే టక్కుమంది. రెండేసి నిమిషాల విరామంతో ఆరు షాట్లూ ముప్పై లోపే. వాల్వు తెరిచి, గాలి వదిలి, రెక్కలు కడిగి, నూనెను వాక్యూమ్‌లో వేడిచేసి ఫిల్టర్ చేసి, జెల్ మార్చాం. చెయ్యి ఆనించగలిగే స్థితికి వచ్చింది. ఇంకా లోడు పెంచాలంటే ఫ్యాన్లు పెట్టించుకోమన్నాను. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల నేమ్‌ప్లేట్ మీద 10/12.5 ఎంవీఏ అని రెండు అంకెలు చూసే ఉంటారు, ఆ తేడా అంతా ఫ్యాన్ల గాలే. ఏ నానో రేణువూ ఇవాళ పావు వంతు రేటింగ్ పెంచి చూపించలేదు. అయితే ఫ్యాన్లు పెట్టేముందు బుషింగులు (తీగలు బయటికొచ్చే పింగాణీ గొట్టాలు), ట్యాప్ ఛేంజర్ (వోల్టేజీ సర్దే స్విచ్చు) అంత కరెంటుకి సరిపోతాయా అని తయారీదారుని అడగాలి.

అపార్ట్‌మెంట్ సంఘానికి సమాధానం తేలిక. జనం నిద్రపోయే చోటుకి దగ్గరగా మినరల్ ఆయిల్ వద్దు. కొత్తది కొంటుంటే నూనే లేని డ్రై టైప్ గానీ, ఎస్టర్ నింపిన సీల్డ్ యూనిట్ గానీ. పాతదాంట్లో నూనె మార్చి ఎస్టర్ పోయించాలనుకుంటే, కాగితంలో, మూలల్లో మినరల్ ఆయిల్ మిగులుతుందని, అది కొద్దిగా ఎక్కువైనా ఫైర్ పాయింట్ పడిపోతుందని గుర్తుంచుకుని, నింపాక నమూనా తీయించి ఫైర్ పాయింట్ పరీక్ష రిపోర్టు చేతికి తీసుకోండి. గోదావరి, కృష్ణా జిల్లాల్లో చెరువు గట్టు మీదే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకునే ఆక్వా రైతులకూ ఎస్టరే చెబుతాను. అక్కడ లీకైన నూనె నేరుగా నీళ్లలోకే వెళుతుంది.

విద్యార్థికి మాత్రం నానో వైపే వెళ్లమన్నాను, మనస్ఫూర్తిగా. ఇన్సులేషన్ మీదైతే సహజ ఎస్టర్‌లో మాగ్నటైట్ గానీ టైటానియా గానీ, ఎందుకంటే పొడవాటి గ్యాప్‌లలో ఇంపల్స్‌కి స్ట్రీమర్ వేగంగా దూసుకుపోవడం ఎస్టర్‌కి ఉన్న అసలు బలహీనత, రేణువులు చేయగలిగింది సరిగ్గా ఆ వేగం తగ్గించడమే. చల్లదనం మీదైతే బోరాన్ నైట్రైడ్. పోలికలో మోసం రాకుండా చూసుకో అని చెప్పాను: రేణువులు లేని నూనెను కూడా అంతే సేపు అల్ట్రాసోనిక్‌లో పెట్టి, అంతే సేపు వాక్యూమ్‌లో ఆరబెట్టాలి. రెండింటి తేమ సమానంగా లేకపోతే, బీడీవీ పెరిగింది రేణువుల వల్లా, ఎండినందువల్లా అన్నది తేలదు. ఆరు షాట్లు చాలవు, కనీసం ముప్పై కొట్టి, ఏ వోల్టేజీ దగ్గర ఎంత శాతం తెగే అవకాశం ఉందో చూపే వైబుల్ గ్రాఫ్ గీయాలి. సగటు పెరిగి అడుగు అంకె పడిపోయిందంటే ఆ నూనె ట్రాన్స్‌ఫార్మర్‌కి పనికిరాదు, పేలేది సగటు దగ్గర కాదు. నెగటివ్ ఇంపల్స్ ఫలితం కూడా రాయాలి. పొడి తూచేటప్పుడు మాస్కు, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. టైటానియం డయాక్సైడ్‌ను క్యాన్సర్ కారకం కావచ్చన్న జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ చేర్చింది.

ఏ సంస్థ అయినా నడుస్తున్న ట్రాన్స్‌ఫార్మర్‌లో నానో నూనె ప్రయత్నించి చూడాలనుకుంటే, 25 కేవీఏ లాంటి చిన్న సీల్డ్ యూనిట్ తీసుకోండి, పాడైనా వీధి చీకటి కాని చోట పెట్టండి. పక్కనే అదే తయారీ, అదే లోడు ఉన్న మామూలు నూనె యూనిట్ ఒకటి ఉండాలి. నింపే ముందే పై వాల్వు, కింది వాల్వు రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. మూడు నెలలకోసారి రెండు చోట్లా నమూనా తీసి, రెండు గాజు సీసాలను పక్కపక్కన వెలుతురుకి ఎత్తి పట్టండి. కింది సీసా రంగు పై సీసా కంటే ముదిరిందంటే రేణువులు దిగడం మొదలైంది. ఆ రోజే లైన్ క్లియర్ (సరఫరా ఆపి పనికిచ్చే అనుమతి) తీసుకుని నూనె దించేయండి, రెండో నమూనా కోసం ఆగకండి.